తాతయ్య కల్వం, నా టేపు

కొత్తపేట,
కార్తీక మాసం.

బుజ్జీ,

మొన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. ఎదురుగా ఉంటే తల నిమిరి, కాఫీ కలిపి ఇచ్చి, తర్వాత మాట్లాడేదాన్ని. రెండోసారి రాసినా నీట్‌లో ఎంబీబీఎస్ సీటు అందలేదనీ, విజయవాడ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో చేరిన మూడో రోజే పక్కమంచం పిల్ల "మనల్ని డాక్టర్లంటారా?" అని అడిగిందనీ చెప్పావు. చివర్లో "అత్తా, నువ్వు ముప్ఫయ్యేళ్ళు ఇదే పని చేశావుగా, నాకు నిజం చెప్పు, ఇది వైద్యమేనా?" అన్నావు. ఆ ప్రశ్నకు ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టంలేక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగు రోజులుగా రాస్తున్నాను.

వైద్యమే. కాకపోతే దేనికి వైద్యమో, దేనికి కాదో నీకు నువ్వుగా తేల్చుకోవాలి. అది తేల్చుకోకుండా నాలుగున్నరేళ్ళ చదువూ, ఏడాది హౌస్‌సర్జన్సీ గడిపేసినవాళ్ళు నాతో చాలామంది ఉన్నారు. అందులో కొందరు ఆయుర్వేదంలో అన్నిటికీ మందుందని నమ్ముతూ ఉండిపోయారు. ఇంకొందరు ఏమీ లేదనుకుని, బోర్డు మీద ఆయుర్వేదం రాసి లోపల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పొడుస్తూ బతికారు. నువ్వు ఈ రెండు దారుల్లోకీ వెళ్ళకూడదనే నా ఆరాటం.

మన నేల సంగతితో మొదలుపెడతాను. నీ పాఠాల్లో త్వరలోనే జాంగలం, అనూపం, సాధారణం అని దేశాన్ని మూడు రకాలుగా విడదీసిన భాగం వస్తుంది. పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేయకు. అనూపమంటే నీళ్ళు పుష్కలంగా ఉండి, చెట్లు దట్టంగా ఉండే పల్లపు నేల. మనది అచ్చంగా అదే. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, నడుమ వైనతేయ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇంటింటి పెరటిదాకా కాలువ నీళ్ళొచ్చాయి. వరి పండింది, కొబ్బరి పెరిగింది, కొబ్బరి డొక్కలు నానేసే గుంటలూ, ఎటూ పారని మురుగుబోదెలూ వాటితోపాటే వచ్చాయి. నా చిన్నతనంలో మా వీధిలో ఎన్నిళ్ళున్నాయో లెక్కపెడితే దాదాపు ఇంటికొక బోదకాలు ఉండేది. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు నేలకి జీరాడేలా కట్టుకునేది అందం కోసమని అనుకునేదాన్ని. కాలు కనపడకుండా అని తర్వాత తెలిసింది. కాలు కాస్త లావెక్కినట్టు కనిపించిందని పెళ్ళి తప్పిపోయిన పిల్లలు నాకు తెలుసు.

సుశ్రుతుడు దీన్ని శ్లీపదం అన్నాడు. పాత నీళ్ళు నిలవుండి, అన్ని రుతువుల్లోనూ చల్లగా ఉండే దేశాల్లో ఇది ఎక్కువగా పుడుతుందని రాశాడు. అది చదివిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది, మన ఊరు చూసి రాశాడేమో అన్నట్టుంది. ఈ జబ్బు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని పాట్రిక్ మాన్సన్ చైనాలో పట్టుకున్నది 1877లో. సుశ్రుతుడికి దోమ సంగతి తెలియదు. కానీ నిలవనీటికీ మనిషి కాలికీ లంకె ఉందని కళ్ళతో చూసి పట్టుకున్నాడు. అదే అధ్యాయంలో ఇంకో మాట ఉంది, అది నాకు ఇంకా విలువైనది. ఏడాది దాటిన శ్లీపదాన్నీ, మరీ పెద్దదైపోయినదాన్నీ, పుట్టలా బొడిపెలు లేచినదాన్నీ వదిలెయ్యమన్నాడు. నా వల్ల కాదని పుస్తకంలో రాసిపెట్టాడు. సాధ్యం, అసాధ్యం అనే ఈ విభజన ఆయుర్వేదంలో అడుగడుగునా కనిపిస్తుంది. కుదరని జబ్బుని నెత్తిన వేసుకున్న వైద్యుడు డబ్బూ, విద్యా, పేరూ మూడూ పోగొట్టుకుంటాడని చరకుడు హెచ్చరించాడు. ఇవాళ టీవీలో, వీడియోల్లో సర్వరోగాలూ నయమంటూ కూచునేవాళ్ళు ఈ శాస్త్రం పేరే చెప్పుకుంటారు. ఈ శాస్త్రం మాత్రం ఆ మాట చెప్పలేదు.

ఇప్పుడు మీ తాతయ్య సంగతి. ఇంతవరకూ ఎవరికీ రాయని సంగతి.

నాన్న వైద్యం నువ్వు చూడలేదు, కథలే విన్నావు. పొద్దున్నే అరుగుమీద కల్వం చప్పుడు మొదలయ్యేది. గుంటగలగరాకు పసరు పోసి నూరుతుంటే ఆ ఆకుపచ్చ వాసన వంటింటిదాకా వచ్చేది. ఆయన హస్తవాసి మంచిదని రాజోలు నుంచి కూడా పంటు దాటి వచ్చేవాళ్ళు. ఆయన దగ్గర ఒక చిట్టా ఉండేది, పొడుగ్గా, గుడ్డ అట్టతో. ఎవరు, ఏ ఊరు, ఏం జబ్బు, ఏం మందు, ఏ అనుపానం, చివర్న "గుణం" అని ఒక ముక్క. ఆయన పోయాక ఆ చిట్టా నాకు వచ్చింది. మొదటి పేజీ నుంచి చివరిదాకా మూడుసార్లు చదివాను. అన్నిచోట్లా గుణమే. గుణం కనపడనివాళ్ళు ఒక్కరూ లేరు.

అది ఎలా సాధ్యమో నాకు తెలుసు, ఎందుకంటే చిట్టాలో లేని ఒకడిని నేను చూశాను. నాకప్పుడు పన్నెండేళ్ళు. వానాకాలం, ఊడ్పుల రోజులు. లంక నుంచి ఒక కుర్రాణ్ణి ఇంకా తెల్లవారకముందే మంచంమీద మోసుకొచ్చారు. రాత్రి నేలమీద పడుకున్నాడట, నిద్రలో కడుపునొప్పితో లేచాడట. ఒంటిమీద ఎక్కడా గాటు లేదు. నాన్న అజీర్ణమనుకుని మందు నూరి ఇచ్చారు. అరగంట గడిచేసరికి వాడి రెప్పలు వాలిపోసాగాయి, మాట ముద్దగా వచ్చింది, ఉమ్మి మింగలేకపోయాడు. నాన్న మొహం పాలిపోయింది. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళండని అరిచారు. రేవు దాటకముందే వాడు పోయాడు. కట్లపాము. దాని కాటుకి నొప్పి ఉండదు, వాపు రాదు, పళ్ళగాటు చీమ కుట్టినంత కూడా కనిపించదు.

ఆ తర్వాత నాన్న వానాకాలంలో కడుపునొప్పి అని ఎవరొచ్చినా ముందు రెప్పలు చూసేవారు. కింద పడుకున్నావా, మంచంమీదా అని అడిగేవారు. ఆ జాగ్రత్త వల్ల ఎందరు బతికారో. కానీ ఆ కుర్రాడి పేరు చిట్టాకి ఎక్కలేదు. ఆ రెప్పల సంగతి నేను చూశాను కాబట్టి నాకు తెలుసు, లేకపోతే ఆయనతోపాటే పోయేది. ఇంకో సంగతి. మందు పనిచేయనివాళ్ళు మళ్ళీ వచ్చి నాకు తగ్గలేదని చెప్పరు. ఇంకో వైద్యుడి దగ్గరికో కాకినాడకో పోతారు. తగ్గినవాళ్ళు మాత్రం బెల్లం, అరటిగెల పట్టుకుని తిరిగొస్తారు. అరుగుమీద కూచున్న వైద్యుడికి లోకమంతా తగ్గినవాళ్ళే కనపడతారు. పచ్చకామెర్లకి పసరుమందు పోసేవాళ్ళకి అంత పేరు రావడానికి ఇదొక కారణం. కలుషితమైన నీళ్ళతో వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకి వాటంతటవే తగ్గిపోతాయి, ఆ తగ్గడం పసరు ఖాతాలో పడుతుంది. రక్తంలో పాకే హెపటైటిస్ బి అందరిలోనూ అలా తగ్గదు, కొందరిలో పైకి పచ్చదనం పోయినా లోపల కాలేయాన్ని తింటూనే ఉంటుంది. కామెర్లొచ్చిన మనిషిని నువ్వు రక్తపరీక్షకి పంపకుండా నేలఉసిరి నూరితే నేను నిన్ను క్షమించను. ఇంత కటువుగా నీతో ఎప్పుడూ మాట్లాడలేదు, తెలుసు.

అందుకే ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేను కుట్టుపని టేపు ఒకటి కొన్నాను. రాజోలు వైపు ఒక ఊళ్ళో ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీ నాది. ఒక గది, ఒక కాంపౌండరు, ఏడాదిలో సగం రోజులు నిండుకుని ఉండే మందుల బీరువా. బోదకాళ్ళవాళ్ళు వచ్చి లేపనం ఇమ్మనేవారు. ఇచ్చిన నెలకి "కాస్త తగ్గినట్టుందమ్మా" అనేవారు. నిజంగా తగ్గిందా, నా మనసు నొప్పించలేక అంటున్నారా? టేపు పెట్టి చీలమండ దగ్గర, పిక్క దగ్గర, మోకాలి కింద కొలిచి రాయడం మొదలుపెట్టాను. పొద్దున్న కొలిచినదానికీ సాయంత్రం కొలిచినదానికీ తేడా వస్తుందని రెండు వారాల్లో తెలిసింది, అప్పటినుంచి పొద్దున్నే రమ్మన్నాను. ఆరునెలలు గడిచాక చూసుకుంటే నేనిచ్చిన లేపనం వల్ల కాలు అంగుళం కూడా తగ్గలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

కానీ అదే పుస్తకంలో ఇంకోటి బయటపడింది. కొందరికి జ్వరాలు తగ్గాయి. గజ్జల్లో బిళ్ళ కట్టి, చలితో వణికి, కాలు ఎర్రగా సలుపుతూ వచ్చే జ్వరం ఉంటుందే, అది. ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కేది ఆ జ్వరంతోనే. తగ్గినవాళ్ళు ఎవరని చూస్తే, లేపనం రాసేముందు కాలు శుభ్రంగా సబ్బుతో కడిగి ఆరబెట్టుకోమన్న మాటని అక్షరాలా పాటించినవాళ్ళు! మేలు చేసింది కడుక్కోవడం. వేళ్ళ సందుల్లో పగుళ్ళుంటే అక్కణ్ణుంచే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. 96 నవంబరు తుపాను తర్వాత ఊరంతా నెలరోజులు బురదలో నడిచినప్పుడు ఆ జ్వరాలు ఎలా విరుచుకుపడ్డాయో నా పుస్తకంలో తేదీలతో సహా ఉంది. అప్పటినుంచి లేపనానికి ముందు సబ్బు, తువ్వాలు, పగుళ్ళకి మందు, పడుకున్నప్పుడు కాలికింద దిండు. ఇందులో గొప్ప విద్యేమీ లేదు. కానీ పనిచేసింది, పనిచేసిందని నేను చూపించగలను.

చాలా ఏళ్ళ తర్వాత కేరళలో కాసరగోడ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ వాళ్ళ సంగతి విన్నాను. చర్మవైద్యులూ, ఆయుర్వేద వైద్యులూ, యోగా నేర్పేవాళ్ళూ ఒకే చూరు కింద కూచుని బోదకాళ్ళకి కలిపి చికిత్స చేస్తున్నారు. కడగడం, మూలికల నీళ్ళలో నానబెట్టడం, తైలంతో మర్దన, శ్వాసతో కూడిన వ్యాయామాలు, బిగుతైన కట్టు. కాలు పరిమాణం కొలిచి, వైద్య పత్రికల్లో అచ్చువేశారు. నేను ఒంటరిగా ఒక గదిలో టేపుతో తడుముకున్నది వాళ్ళు శాస్త్రంగా చేసి చూపించారు. సెలవుల్లో వీలైతే ఆ చోటు చూసిరా. ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇక నీ పక్కమంచం పిల్లకి ఒక కథ చెప్పు. మన పక్కజిల్లా భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ. మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టారని సర్జరీ ప్రొఫెసరు ఓర్వలేకపోయాడు, దాంతో ఎంబీబీఎస్ బదులు దానికన్నా కిందిదైన ఎల్ఎంఎస్ డిగ్రీ చేతికొచ్చింది. అప్పుడాయన చేరినది ఎక్కడో తెలుసా? ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో, శరీర నిర్మాణశాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా. లక్ష్మీపతి గారూ గోదావరి మనిషే. ఇంగ్లీషు వైద్యం పూర్తిగా చదివి, తర్వాత పండిత గోపాలాచార్యులు గారి దగ్గర ఆయుర్వేదం నేర్చుకున్నవారు. సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ జబ్బుతో, అదే మనం సంగ్రహణి అంటామే దానితో, కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆయనకూ ఆ జబ్బు వస్తే లక్ష్మీపతి గారి మందుతో బతికారని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. 1923లో బోస్టన్ వెళ్ళారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, అది స్ప్రూకి మందైంది. అదే బృందం నుంచి 1947లో డైఇథైల్‌కార్బమజైన్ వచ్చింది. పేరు నోరు తిరగదు. మన ఊళ్ళలో దాన్ని బోదమాత్ర అంటారు.

ఏఎన్ఎమ్ అమ్మాయిలతో కలిసి ఆ మాత్రలు మింగించడానికి నేనూ ఇంటింటికీ తిరిగాను. "మాకు బోదకాలు లేదుగా, మాకెందుకు?" అనేవాళ్ళు. మింగిన రాత్రి కొందరికి జ్వరం వచ్చేది, ఆ జ్వరం లోపల పురుగులు చస్తున్నందువల్ల అని చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. ఆయుర్వేదం డాక్టరమ్మ ముందు తను మింగితే మాత్రం మింగేవాళ్ళు. ఎన్ని గుమ్మాల ముందు అలా మింగానో. ఒక్క ఆయుర్వేద పుస్తకంలోనూ లేని మాత్ర అది. దాన్ని పంచడం నా వైద్యానికి ద్రోహమని ఒక్కనాడూ అనిపించలేదు. నీటికీ కాలికీ లంకె చూసిన సుశ్రుతుడు ఇవాళ ఉంటే మొదటి ఇంటికి తనే వెళ్ళేవాడు.

మరి ఆయుర్వేదంలో నికార్సుగా నిలబడ్డవి లేవా అంటే, ఉన్నాయి. క్షారసూత్రం మనసుపెట్టి నేర్చుకో. దారానికి ఆకుజెముడు పాలు పదకొండు పూతలు, తర్వాత ఆ పాలతోపాటు ఉత్తరేణి క్షారం ఏడు పూతలు, చివర పాలూ పసుపూ మూడు పూతలు, మొత్తం ఇరవై ఒకటి. ఉత్తరేణి మన గట్ల మీద కాలికి గుచ్చుకునే కలుపు. భగందరానికి, అంటే ఫిస్టులాకి, ఈ దారం కడితే మెల్లగా కోసుకుంటూ మాన్పుకుంటూ పోతుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో దీన్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి పలుచోట్ల రోగుల్ని రెండు జట్లుగా విడదీసి ఆపరేషన్‌తో పోల్చి చూసింది. 1991లో వచ్చిన ఆ ఫలితం ఇది: ఆపరేషన్ అయితే సుమారు 4 వారాల్లో మానింది, క్షారసూత్రానికి 8 వారాలు పట్టింది. కానీ మళ్ళీ తిరగబెట్టింది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో నూటికి 11 మందికి, దారం కట్టించుకున్నవాళ్ళలో 4 మందికి. ఈ అంకెల్లో మనకి అనుకూలంగా లేనిది కూడా ఉంది చూడు, ఆ ఎనిమిది వారాలు. రోగికి రెండూ చెప్పాలి.

ఆయుర్వేదానికి దుష్ఫలితాలు లేవని ఎవరైనా అంటే అక్కడితో వాళ్ళ మాట వినడం మానెయ్యి. బోస్టన్ దుకాణాల్లో దక్షిణాసియాలో తయారైన ఆయుర్వేద మందులు 70 కొని పరీక్షిస్తే వాటిలో 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో తేలిందని 2004లో అచ్చయింది. పుటాలు సరిగా పడని భస్మం విషం, ఈ మాట మన గ్రంథాలే చెబుతాయి. కరోనా రోజుల్లో ఊరంతా తిప్పతీగ కాచుకు తాగింది, ఆ తర్వాత ముంబై వైద్యులు కాలేయం దెబ్బతిన్నవాళ్ళని చూశామని రాశారు. అది తిప్పతీగ కాదు, దాని జాతిలోదే వేరే తీగ అయివుంటుందని ఆయుష్ మంత్రిత్వశాఖ వాదించింది. ఏది నిజమైనా, ఆకు చూసి గుర్తుపట్టలేని వైద్యుడు ప్రమాదమేగా! మనం సరస్వతి ఆకు అనేదాన్నే కొందరు బ్రాహ్మి అంటారు. బ్రాహ్మి వేరు, మండూకపర్ణి వేరు. ద్రవ్యగుణం పుస్తకంలో బొమ్మలు చూసి సరిపెట్టుకోకు. పండక్కి వచ్చినప్పుడు కాలువగట్టు వెంబడి నాతో నడువు, నీరుగొబ్బి, అటికమామిడి, తుంగ, వావిలి, అడ్డసరం నీ వేళ్ళతో తుంచి వాసన చూద్దువుగాని.

కీళ్ళనొప్పుల చూర్ణం తిని రెండురోజుల్లో లేచి తిరిగామని చెప్పేవాళ్ళు నీ దగ్గరికి వస్తారు. మొహం గుండ్రంగా ఉబ్బి ఉందేమో చూడు. ఆ చూర్ణంలో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపివుంటారు. హఠాత్తుగా మానిపించకు, అదీ ప్రాణం మీదికి వస్తుంది, ఫిజీషియన్ దగ్గరికి పంపు. ఇన్సులిన్ తీసుకునే పిల్లల్ని తల్లిదండ్రులు తీసుకొచ్చి సూదులు మాన్పించే మందు ఇమ్మని కాళ్ళమీద పడతారు. ఇవ్వకు. ఇవ్వననడానికి చాలా బలం కావాలి, తల్లి కన్నీళ్ళముందు మరీను.

హస్తవాసి గురించి అడిగావు. ఉంది. నాన్న నాడి పట్టుకుని మనిషిని పావుగంట మాట్లాడించేవారు. ఎప్పుడు నిద్ర లేస్తావు, ఏం తిన్నావు, కోడలు ఎలా చూస్తోంది, అప్పు తీరిందా. సగం జబ్బు అక్కడే బయటపడేది, కొంత అక్కడే తగ్గేది కూడా. పెద్దాసుపత్రి డాక్టరుకి ఆ పావుగంట ఉండదు. నీకు ఉంటుంది. అది పారేసుకోకు.

ఒక ఆదివారం జొన్నాడ దగ్గర దిగి చింతలూరు వెళ్ళిరా. అక్కడ ధన్వంతరి గుడి ఉంది. ద్విభాష్యం వెంకటేశ్వర్లు గారు పెట్టిన ఆయుర్వేద నిలయమూ అక్కడిదే, నాన్న లేహ్యాలు కొన్ని అక్కణ్ణుంచే తెప్పించేవారు. నేను సీటొచ్చిన ఏడు వెళ్ళాను, రిటైరైన మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

కల్వం నీ పేరుమీదే ఉంది, బరువు కాబట్టి బస్సులో పంపలేను. టేపూ, గీతలు గీసిన పుస్తకమూ పార్సిల్లో వస్తాయి. పుస్తకంలో "గుణం" గడి పక్కనే "గుణం లేదు" అని ఇంకో గడి గీశాను. "తిరిగి రాలేదు" అని మూడోది. ఆ మూడో గడిలోవాళ్ళకి ఫోను చెయ్యాలి.

నీకో పని. మన వెనకవీధి మామ్మగారు గుర్తున్నారుగా, నీకు పనసతొనలు పెట్టేవారు. ఆవిడకి పదినెలలుగా జ్వరం రాలేదు. కాలికి బిగుతుగా పట్టే మేజోడు పాతది సాగిపోయింది, ఇక్కడ ఆ సైజు దొరకడం లేదు. విజయవాడలో పెద్ద సర్జికల్ షాపుల్లో అడుగు. మోకాలి కిందిదాకా వచ్చేది, వేళ్ళు బయటికి ఉండేది. కొలతలు నిన్న పొద్దున్న ఆవిడ మంచం దిగకముందు తీసుకున్నాను: చీలమండ 29 సెంటీమీటర్లు, పిక్క 41, మోకాలి కింద 38, మడమ నుంచి మోకాలి కిందికి పొడవు 36. ఎడమకాలు. ఒకటి కాదు, రెండు తీసుకో, ఒకటి ఉతికినప్పుడు ఇంకోటి వేసుకోవాలి.

నీ
మేనత్త